మిల్లు గోడల మీద ఎవరి బొమ్మ?

మా బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994 వేలంలో 450 రూపాయలు పలికింది. 2025లో 35 లక్షలు. పండుగ వైభవమూ ప్లాట్ల ధరలూ ఇక్కడ కలిసే పెరిగాయి. అందుకేనేమో, మూతపడ్డ ఫ్యాక్టరీలను కళాకేంద్రాలుగా మార్చి ఆ పేటలకు మళ్లీ ప్రాణం పోయాలని ఎవరైనా అంటే నాకు ఆశతో పాటు అనుమానమూ కలుగుతుంది. న్యూయార్క్‌లోని సోహోలో ఖాళీ అయిన వర్క్‌షాపుల్లో కళాకారులు చేరాక అద్దెలు ఎలా పెరిగాయో, చిన్న పరిశ్రమలకు చోటెలా కరువైందో షారన్ జూకిన్ 1982లోనే రాశారు.

మన దగ్గర రెండు కథలున్నాయి. సైఫాబాద్ టంకశాల 1903 నాటిది. 1997లో నాణేల తయారీ చర్లపల్లికి తరలిపోయింది. 2022లో పాత భవనం మ్యూజియంగా తెరుచుకుంది. వరంగల్ ఆజంజాహి మిల్లుకు ఆ భాగ్యం లేదు. నిజాం కాలంలో, 1934లో పుట్టిన ఆ మిల్లు 2002లో మూతపడింది. దాని భూమి ప్లాట్లయింది. టంకశాల దక్కినందుకు సంతోషమే. కానీ నాణెం కొట్టిన చోటు వారసత్వమైతే, నూలు వడికిన చోటు వట్టి స్థలం ఎలా అయింది?

మిల్లు అంటే మగ్గాలూ పొగగొట్టమే కాదు. తెలంగాణ పద్మశాలీలు ఎందరో వలస వెళ్లిన ముంబై గిరణ్‌గావ్‌నే చూడండి. 1920లలో అక్కడి మిల్లు కార్మికుల్లో ఐదోవంతు దాకా స్త్రీలు. ఎక్కువమంది నూలు చుట్టే విభాగాల్లో ఉండేవారు. పని పద్ధతులు మారాక, ప్రసూతి సదుపాయం దండగ ఖర్చన్న లెక్కా తోడై, ముందు వాళ్లనే తప్పించారు. మిగిలిన మగ కార్మికులకు అన్నం పెట్టింది కూడా స్త్రీలే. ఇరుకు గదుల్లో ఖానావళ్లు నడుపుతూ వడ్డీవ్యాపారుల చేతుల్లో నలిగిన ఆ స్త్రీలు 1975లో ప్రేమా పురవ్‌తో కలిసి అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టుకున్నారు. బ్యాంకు అప్పు తెచ్చుకున్నారు. (వంట శ్రమ కాదనే మన పండితులకు ఇది ఎవరైనా చెప్పాలి.)

1982 జనవరి 18న మొదలైన సమ్మెలోకి సుమారు రెండున్నర లక్షల మంది దిగారు. ఆ తర్వాత చాలా మిల్లులు కోలుకోలేదు. ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది. చిమ్నీని మాత్రం ఉంచారు, చూడముచ్చటగా ఉంటుంది కదా! ఖానావళి పొయ్యిని అలా నిలబెట్టలేరు. దాన్ని మాటల్లోంచే వెలికితీయాలి. మీనా మీనన్, నీరా అడార్కర్ ఆ పని చేశారు. కార్మికుల, వాళ్ల కుటుంబాల గొంతులు సేకరించి 2004లో ‘వన్ హండ్రెడ్ ఇయర్స్, వన్ హండ్రెడ్ వాయిసెస్’ తెచ్చారు.

వరంగల్‌లో రేపు ఏ గోడ మీదైనా ఆజంజాహి మిల్లు బొమ్మ గీస్తే అందులో ఎవరుంటారు? మిల్లు మూతపడ్డనాడు ఇరవై ఏళ్ల కోడలికి ఇప్పుడు నలభై దాటాయి. సైరన్ కంటే ముందే లేచి సద్ది కట్టిన ఆమె అత్తగారికి ఎనభై కావస్తాయి.