పాముల ప్రవర్తన, ఆహారపు అలవాట్లు

పాముల ప్రవర్తన అనగా ఉష్ణోగ్రత, ఆకలి, కుబుసం, సంతానోత్పత్తి, భయం మున్నగు కారణాలను బట్టి పాము నడవడిలోను, మేత తీసుకోవడంలోను కనిపించే మార్పులు. వాడుకలో వీటినే పాముకు కోపం వచ్చిందనీ, అలిగిందనీ, పగబట్టిందనీ చెప్పుకుంటారు. ఒక మనిషిని గుర్తుపెట్టుకొని, వెతుక్కుంటూ వచ్చి పగ సాధించే శక్తి పాముకు ఉన్నదనడానికి ఆధారం లేదు. అయితే పాము ఒక రోజు ఉన్నట్లు మరొక రోజు ఉండదన్న పరిశీలన మాత్రం నిజమే. ఆ తేడాకు కారణాలు దాని శరీరంలోను, పరిసరాలలోను ఉంటాయి.

ఉష్ణోగ్రత, జీర్ణక్రియ

పాము తన శరీరానికి కావలసిన వేడిని బయటినుండే పొందుతుంది. చలి ఎక్కువైతే కదలిక మందగించి, మేత మీద ఆసక్తి తగ్గుతుంది. తిన్న ఎలుకను అరిగించుకోవడానికి కూడా వేడి కావాలి. అది చాలకపోతే ఆహారం కడుపులోనే కుళ్ళుతుంది, లేదా పాము దానిని కక్కివేస్తుంది. మేత తిన్న పాము వెచ్చని చోటు వెతుక్కొని కదలకుండా పడుకోవడం అందుకే. ఆ సమయంలో దానిని కదిలిస్తే మింగినదాన్ని కక్కి, బరువు తగ్గించుకొని పారిపోవడానికి చూస్తుంది. కొండచిలువ జాతులలో భోజనం తరువాత జరిగే మార్పు మరీ ఆశ్చర్యకరం. బర్మా కొండచిలువ పెద్ద మేత తిన్న రెండు మూడు రోజులలో దాని గుండె పరిమాణం సుమారు 40 శాతం పెరిగినట్లు 2005లో ప్రచురితమైన పరిశోధనలో తేలింది. మేత అరిగిన తరువాత అది తిరిగి తగ్గుతుంది. ఇటువంటి శరీరానికి రోజూ తిండి అక్కరలేదు. కొన్ని వారాలు తినకపోవడం ఆరోగ్యమైన పెద్ద పాముకు ఉపవాసమే గాని రోగం కాదు.

కుబుసం విడిచే కాలం

పాము చిరాకుగా ఉండడానికి, మేత ముట్టకపోవడానికి అత్యంత సాధారణమైన కారణం కుబుసం. పాముకు కనురెప్పలు లేవు. కంటిని ఒక పారదర్శకమైన పొలుసు కప్పి ఉంటుంది. పాత చర్మానికీ కొత్త చర్మానికీ నడుమ ద్రవం చేరినప్పుడు ఈ పొలుసు కూడా మసకబారి, కన్ను పాలు కలిపిన నీలంలా కనబడుతుంది. ఒంటి రంగు వెలిసిపోతుంది. చూపు సరిగా ఆనని ఆ రోజులలో పాము ఏ మూలనో దాగి ఉంటుంది. దగ్గరకు వెళితే మామూలుకన్నా త్వరగా బుసకొట్టి కాటుకు దిగుతుంది. కొన్ని రోజులకు కన్ను తేటపడుతుంది. ఆ తరువాత పెదవిని గరుకైన చోట రాసి, చర్మాన్ని మేజోడు తిప్పి తీసినట్లు విడుస్తుంది. వెంటనే ఆకలి తిరిగి వస్తుంది. గాలిలో తేమ చాలనప్పుడు కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. కంటిమీది పొర మిగిలిపోతే మేతను చూడడం కష్టమవుతుంది. తోటలో దొరికిన కుబుసం ఒకే తొడుగుగా, కంటి గుర్తులతో సహా ఉంటే ఆ పాము ఆరోగ్యంగా ఉన్నదని చెప్పవచ్చు.

సంతానోత్పత్తి కాలంలో మగ పాములు మేత మానడం కూడా మామూలే. ఆడ కొండచిలువ గుడ్లను చుట్టుకొని, పొదిగే సుమారు రెండు నెలలూ దాదాపు ఏమీ తినదు.

కోనసీమలో

రాజోలు ప్రాంతంలోని తాటిపాక వంటి గ్రామాలలో వరిచేలు, కొబ్బరితోటలు, పంటకాలువలు కలిసే ఉంటాయి. గడ్డిమేట్లు, కొబ్బరి డొక్కల పోగులు ఎలుకలకు, పందికొక్కులకు నెలవులు; వాటిని వెదుకుతూ జెర్రిపోతు, నాగుపాము, రక్తపింజరి వస్తాయి. కాలువలలోని నీరుకట్టు పాము చేపలను, కప్పలను తింటుంది. పట్టుకుంటే కోపిష్టిగా కరిచే ఈ పాముకు మనిషికి హాని చేసే విషం లేదు. కట్లపాము దీనికి సరిగ్గా వ్యతిరేకం. పగలు తలను చుట్టల మధ్య దాచుకొని అతి సాధువులా పడి ఉంటుంది. రాత్రి వేటకు తిరిగేటప్పుడు అదే పాము ప్రాణాంతకం. పాము నెమ్మదిగా ఉన్నది గనుక ప్రమాదం లేదనుకోవడం ఎంత పొరపాటో దీనివల్ల తెలుస్తుంది.

రెండు పాములు పెనవేసుకొని నిలువునా లేచినప్పుడు నాగుపాము, జెర్రిపోతు జతకట్టాయని పల్లెలలో చెప్పుకుంటారు. ఈ రెండు జాతులూ జతకట్టవు. పలుమార్లు అది రెండు మగ జెర్రిపోతుల మధ్య జరిగే బలపరీక్ష. గోదావరి వరద వచ్చినప్పుడు, ఉదాహరణకు 2022 జూలైలో లంకలు మునిగినప్పుడు, పాములు మెరకకు, ఇళ్ళకు చేరుతాయి. అప్పుడు అవి వేటకు కాక దాగడానికి చోటు వెతుకుతుంటాయి.

పాలు, నాగస్వరం

కోస్తా ఆంధ్రలో కార్తీక శుద్ధ చవితినాడు నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, చలిమిడి, చిమ్మిలి నివేదిస్తారు. పాము మాంసాహారి, పాలు దాని ఆహారం కాదు, దానిని అరిగించుకోలేదు. పాములవాళ్ళ బుట్టలోని నాగుపాము పాలు తాగినట్లు కనబడడానికి కారణం దాహం. పండుగకు ముందు చాలా రోజులు నీరు ఇవ్వకుండా ఉంచిన పాము ఏ ద్రవం పెట్టినా తాగుతుంది. కోరలు పీకడంవల్ల నోరు పుండై మేత తినలేదు. పాలు ఊపిరితిత్తిలోకి పోతే వ్యాధి సోకుతుంది. అటువంటి పాము "లొంగిపోయి" పడగ దించుకొని ఉన్నదంటే అది మచ్చిక కాదు, నీరసం. పాముకు బయటి చెవులు లేకున్నా నేల అదురును, తక్కువ స్థాయి ధ్వనులను గ్రహించగలదు. కాని పడగ ఊపడం పాటకు కాదు, కళ్ళెదుట కదిలే నాగస్వరం మీదనుండి చూపు మరల్చకపోవడంవల్ల.

పెంపకం, చట్టం

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు పాములను పట్టి ఇంట్లో పెంచుకోవడం నేరం. పాములను ఆడించడం కూడా ఈ చట్టం కిందకే వస్తుంది. విషం సేకరణకై 1978లో తమిళనాడులో ఏర్పడిన ఇరుల పాములవారి సహకార సంఘం ప్రభుత్వ అనుమతితో పనిచేస్తుంది. అక్కడ పాములను మట్టికుండలలో కొద్ది వారాలు ఉంచి, విషం తీసి, తిరిగి అడవిలో విడిచిపెడతారు. విదేశీ జాతులైన బాల్ పైథాన్ వంటివాటిని నగరాలలో పెంచేవారున్నారు. అంతర్జాతీయ ఒప్పందం పరిధిలోని జాతులను నమోదు చేయించాలని 2024లో నియమాలు వచ్చాయి.

బాల్ పైథాన్ కొన్ని నెలలపాటు మేత మానడం పెంపకందార్లందరికీ అనుభవమే. పాము వయసు, బరువు, కంటి రంగు, ఉన్నచోటి వేడి చూచి గాని కంగారు పడరాదు. బరువు వేగంగా తగ్గడం, నోరు తెరచి ఊపిరి తీయడం, నోటిలో చీము, మాటిమాటికీ కక్కడం ఉంటే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. మేతకోసం వేసే కాటుకూ, భయంతో వేసే కాటుకూ తేడా ఉంది. మొదటిదానికి ముందు పాము నాలుకను వేగంగా ఆడిస్తూ నిదానంగా ముందుకు జరుగుతుంది. రెండవదానికి ముందు వెనక్కి ముడుచుకొని బుసకొడుతుంది. ఎలుకను తాకిన చేతిని కడగకుండా పెట్టెలో పెడితే ఆ వాసనకు చేతినే మేత అనుకొని పట్టుకుంటుంది. తల నిమరడం పాముకు ఇష్టమని చెప్పేవారున్నారు గాని, అది ఓర్చుకోవడానికి అలవాటుపడుతుందనడమే సబబు.

ఇంట్లోకో తోటలోకో పాము వస్తే దూరంగా నిలబడి, అటవీశాఖకు గాని శిక్షణ పొందిన పాములు పట్టేవారికి గాని తెలియజేయాలి. కాటు పడితే కట్లు కట్టడం, గాయం కోయడం చేయక, కదలకుండా ఉంచి, విషవిరుగుడు మందు లభించే ఆసుపత్రికి వెంటనే చేర్చాలి.