కల్యంపూడి రాధాకృష్ణారావుగారి పరిశోధనములు – ఉల్లేఖగణనము

పాణిని తన యష్టాధ్యాయియందు పూర్వవైయాకరణులను 10 మందిని పేర్కొనెను. ఆపిశలి, శాకటాయనుడు, శాకల్యుడు మున్నగువారు అట్టివారు. ఆ నామగ్రహణము కొన్నియెడల వికల్పార్థమనియు, కొన్నియెడల పూజార్థమనియు వ్యాఖ్యాతలు విభజించి చెప్పిరి. పేరు వచ్చినంతమాత్రమున ఆ మతము సమ్మతమని కాదు. రానంతమాత్రమున ఋణము లేదనియు గాదు. ఈ వివేకము నేటి విద్యాలోకమున సన్నగిల్లుచున్నది. 1964లో యూజీన్ గార్ఫీల్డు అమెరికాలో ప్రకటించిన శాస్త్రోల్లేఖసూచికతో, ఎవరి వ్యాసమును ఎందఱు పేర్కొనిరను లెక్క సులభమయ్యెను. 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు జీవితకృషి నంతయు ఒక్క యంకెలో నిమిడ్చెను. ఒకని వ్యాసములలో 20, ఒక్కొక్కటి 20 మార్లకు తక్కువగాకుండ పేర్కొనబడి, 21 విషయమున నట్లు కానిచో వాని యంకె 20. అట్టి యంకెలు ఉద్యోగములను, పదోన్నతులను నిర్ణయించుటలో పాలుగొనుచున్నవి. ఈ కొలమానమును మన తెలుగు పండితు నొకరి చరిత్రతో పరీక్షింతము.

రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10వ తేదీన, నాటి బళ్లారి మండలములోని హడగళిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. ఆంధ్రవిశ్వవిద్యాలయమున గణితమభ్యసించి, 1941లో కలకత్తాలోని భారత సాంఖ్యకసంస్థను చేరిరి. 1948లో కేంబ్రిడ్జిలో ఫిషరు పండితునియొద్ద డాక్టరు పట్టమును గొనిరి.

ఆయన కీర్తికి మూలమైన వ్యాసము 1945లో కలకత్తా గణితపరిషత్పత్రికలో వెలువడెను. పుటలు 11 మాత్రమే. అప్పటి కాయన ప్రాయము 25 ఏండ్లు. అందొక సిద్ధాంతము చదువరులకు సులభముగా బోధపడునట్లు చెప్పెదను. ఒక పెద్ద చేని దిగుబడిని కొన్ని మళ్లను మాత్రమే కోయించి ఊహింపవలెననుకొందము. పక్షపాతము లేని యూహ యెంత నేర్పుతో కట్టినను, అందలి చాంచల్యము ఒక హద్దునకు దిగువకు పోజాలదు. ఆ హద్దునకే క్రామర్–రావు హద్దని పేరు. ఫ్రాన్సున ఫ్రెషే 1943లోనే యిట్టి ఫలితమును ప్రకటించియుండెను. స్వీడనున క్రామర్ 1946లో తన గ్రంథమున చేర్చెను. కావున ఆ కీర్తి యొక్కరిదే యనుట న్యాయము గాదు. ముతక యూహను మెఱుగుపఱచు రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతమును, సంభావ్యతావితరణముల నడుమ దూరమును జ్యామితిరీతిని కొలుచు భావమును ఆ 11 పుటలలోనే యున్నవి. ఈ కడపటిది దశాబ్దములకు పిమ్మట ఒక ప్రత్యేకశాస్త్రముగ పెరిగెను.

ఉల్లేఖగణనమునకు చిక్కు కలిగించు సంగతి 1948 నాటిది. ఆ యేట రావుగారు ఒక పరీక్షావిధానమును ప్రకటించిరి. 1959లో సిల్వే అను పండితుడు మఱియొక త్రోవను దానికే చేరెను. అర్థశాస్త్రజ్ఞులు దానిని లాగ్రాంజి గుణకపరీక్ష యనియే వ్యవహరించుచు వచ్చిరి. వస్తువొక్కటి, పేరులు రెండు! ఆ రెండవ పేరుతో వ్రాసినవాడు రావుగారిని తలపకున్నచో లెక్కలో నది శూన్యము. క్రామర్–రావు హద్దు గతి వేఱు. క్షిపణుల జాడ తీయు రాడారు శాస్త్రమందును, క్వాంటమ్ భౌతికమందును అది పాఠ్యపుస్తకముల సొత్తయ్యెను. పేరు నోట పలుకుదురు గాని మూలవ్యాసమును అడుగున చూపువారు కొందఱే. మనము సంధి చేయునపుడెల్ల పాణిని పేరెత్తుదుమా?

ఇంకను, సూడానులోని జెబెల్ మోయా పురాతనాస్థులను కొలిచి నరజాతిశాస్త్రమునకు తోడ్పడిరి. 1947 నాటి లంబకోణసరణులు కర్మాగారములలో వస్తుగుణపరీక్షకు పనికివచ్చినవి. 1982లో చెప్పిన వైవిధ్యమానమును వృక్షజంతుశాస్త్రజ్ఞులు గ్రహించిరి. ఒక్కొక్క శాస్త్రమున ఉల్లేఖాచార మొక్కొక్కటి. వైద్యులు పదుల కొలది పేర్కొనుదురు, గణితజ్ఞులు మితభాషులు. ఇన్నింటిని ఒకే రాశిగ పోయుట వడ్లను, పెసలను ఒకే కుంచముతో కొలిచి ధర కట్టినట్లుండును.

తెలుగున వ్రాయు పరిశోధకుల కీ లోపము మఱింత బాధకరము. మా తొర్రూరునకు చేరువనున్న పాలకుర్తి సోమనాథుని గూర్చి తెలుగు పత్రికలలో జరిగిన చర్చ చాలవఱకు ఆ విదేశసూచికల కెక్కనేలేదు. సోమనాథుని చదివి యుద్యోగమడుగ వచ్చిన యువకుని అంకె చూచి త్రిప్పి పంపుటకంటె, అతని వ్యాసములు రెండు తెప్పించి చదువుట సభ్యులకు కష్టమా?

రావుగారి 11 పుటల వ్యాసము 1992లో సాంఖ్యకశాస్త్రపు మేటివ్యాసముల సంపుటమున పునర్ముద్రితమయ్యెను. 2023లో ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక బహుమానము లభించినది. ఆ యేటనే ఆగస్టు 22వ తేదీన, 102 ఏండ్ల వయస్సున అమెరికాలో స్వర్గస్థులైరి.