పొగాకు వర్తకుడి చేతిలో నౌకాదళం

అమెరికా తొలి నౌకాశాఖ కార్యదర్శి, అంటే మంత్రి హోదాలో ఆ శాఖను నడిపిన అధిపతి అయిన బెంజమిన్ స్టోడర్ట్ (1751–1813), స్వాతంత్ర్య యుద్ధంలో కెప్టెనుగా పోరాడి బ్రాండీవైన్ వద్ద గాయపడి, 1783లో పొటోమాక్ ఒడ్డున ఉన్న జార్జ్‌టౌన్ రేవులో స్థిరపడి పొగాకు ఎగుమతి చేసిన వర్తకుడు. రాజధానికి కావలసిన భూములను ప్రభుత్వం పేరు బయటపడితే ధరలు పెరుగుతాయన్న భయంతో జార్జ్ వాషింగ్టన్ గుట్టుగా కొనిపించదలచినప్పుడు, బేరం అప్పగించిన వారిలో ఆయన ఒకడు.

1798 ఏప్రిల్ 30న నౌకాశాఖ ఏర్పడింది. ఫ్రెంచి ప్రైవేటీర్లు, అనగా ప్రభుత్వ అనుమతిపత్రంతో పరాయి సరుకు ఓడలను పట్టుకునే ప్రైవేటు నౌకలు, అమెరికా వర్తకాన్ని కొల్లగొడుతున్న కాలమది. అప్పటికి జలప్రవేశం చేసిన ఫ్రిగేట్లు, అంటే వేగంగా సాగే మధ్యతరహా యుద్ధనౌకలు, మూడే. ఆ జూన్‌లో బాధ్యతలు చేపట్టిన స్టోడర్ట్, కొద్దిమంది గుమాస్తాలతోనే, సరుకు ఓడలను కొని మార్పించి, ఆరు శాతం వడ్డీ రుణపత్రాలకు బదులుగా రేవుపట్టణాల వర్తకులు చందాలతో కట్టించిన నౌకలను స్వీకరించి (సేలం పట్టణం ఇచ్చిన ఎసెక్స్ వాటిలో ఒకటి), మూడేళ్లు నిండకముందే నౌకల సంఖ్యను 50 దరిదాపులకు చేర్చాడు. ఆ బలాన్ని ఆయన అమెరికా తీరం వెంబడి పరచి ఉంచక, ప్రైవేటీర్లకు ఆటపట్టైన కరీబియన్ సముద్రానికి పంపడంతో సరుకుల బీమా రుసుములు తగ్గాయి. వర్తకులకు మిగిలిన ఆ సొమ్మే నౌకాదళ వ్యయానికి సమర్థన అని వాదించడం, ఓడ రేవు చేరేదాకా నిద్రపట్టని జీవితం గడిపినవాడికే తట్టే ఆలోచన.

అంతకన్నా దూరదృష్టి గల పని నౌకాదళ నిర్మాణశాలల స్థాపన. 74 ఫిరంగుల భారీ నౌకలు ఆరింటికి 1799లో కాంగ్రెస్ అనుమతించగా, అద్దె స్థలాల్లో పెట్టిన ఖర్చు చివరకు యజమానుల పాలవుతుందని గ్రహించిన ఆయన, పోర్ట్స్‌మత్, బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్, నార్ఫోక్‌లలో ప్రభుత్వానికి సొంత స్థలాలు సమకూర్చాడు. గట్టి ఓక్ కలప కోసం జార్జియా తీరంలోని బ్లాక్‌బియర్డ్ దీవిని సైతం 1800లో కొనిపించాడు. స్థలాలు కొనే అధికారం చట్టం ఇవ్వలేదని తరువాతి ప్రభుత్వ పక్షం ఆక్షేపించింది, ఆ ఆరు నౌకలూ ఆయన హయాంలో పూర్తికాలేదు; అయినా పోర్ట్స్‌మత్, నార్ఫోక్ నిర్మాణశాలలు నేటికీ అమెరికా నౌకాదళానికి పనిచేస్తున్నాయి.

1801లో పదవి వీడిన స్టోడర్ట్, రాజధాని భూముల విలువ పెరుగుతుందన్న నమ్మకంతో పెట్టిన సొంత పెట్టుబడులు దెబ్బతినగా, అప్పులతోనే 1813 డిసెంబరులో బ్లాడెన్స్‌బర్గ్‌లో మరణించాడు.