పరుగు నేర్చాక ఆగడం నేర్చిన జాగ్వార్

1948 అక్టోబరులో లండన్ ఎర్ల్స్ కోర్ట్ మోటార్ ప్రదర్శనలో జాగ్వార్ కంపెనీ ఒక స్పోర్ట్స్ కారును నిలబెట్టింది. పేరు ఎక్స్‌కే 120. ఆ అంకె దాని వేగం: గంటకు 120 మైళ్లు, అంటే దాదాపు 193 కిలోమీటర్లు. బజార్లో కొనుక్కునే కారుకు అంత వేగమా అన్న సందేహం తీర్చడానికి 1949 మేలో కంపెనీ ఒక కారును బెల్జియంలోని జబ్బెకె రహదారికి తీసుకెళ్లింది. అక్కడ రాన్ సటన్ దాన్ని గంటకు 132 మైళ్లు దాటించాడు.

వేగం సంగతి తేలిపోయింది. ఇక తేలాల్సింది ఆపే సంగతి.

కంపెనీ అధిపతి విలియం లయన్స్ ఈ కారును మొదట ఓ రెండు వందలు మాత్రం చేయిద్దామనుకున్నాడు. కొత్తగా రూపొందిన ఆరు సిలిండర్ల 3.4 లీటర్ల ఇంజన్‌కు అది ప్రచారంగా ఉంటుందని ఆయన ఆలోచన. ఛాసీ కొత్తది కాదు, మార్క్ 5 సెలూన్ కారుదే పొడవు తగ్గించి వాడారు. నాలుగు చక్రాలకూ 12 అంగుళాల డ్రమ్ము బ్రేకులు. కుటుంబంతో నింపాదిగా తిరిగే కారుకు అవి చాలు. కానీ వేగం రెండింతలైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుంది, ఆ శక్తంతా వేడిగా మారుతుంది. తిరుమల ఘాట్ రోడ్డులో దిగుతున్నప్పుడు ముందు పోయే బండి నుంచి మాడు వాసన వచ్చిందంటే ఆ వేడి చేసే పనే.

డ్రమ్ముతో వచ్చే చిక్కు దాని నిర్మాణంలోనే ఉంది. వేడెక్కిన ఇనుము వ్యాకోచిస్తుంది. డ్రమ్ము వ్యాకోచిస్తే, దాన్ని లోపలి నుంచి ఒత్తి ఆపే షూలకు దూరంగా జరుగుతుంది. షూల మీది లైనింగు కూడా కాగితే పట్టు సడలుతుంది. డ్రైవరు ఎంత తొక్కినా పెడల్ కిందికి పోతుందే తప్ప బండి ఆగదు. ఎక్స్‌కే 120 అందమే దానికి ఇంకో శత్రువైంది. చక్రాలు ఇంచుమించు మూసి ఉన్న ఉక్కు పళ్లేలు, వెనక చక్రాలను సగానికి పైగా కప్పేసే రేకు మూతలు. గాలి ఎటు నుంచి రావాలి?

1950 లో లె మాన్స్ 24 గంటల రేసులో ఈ బలహీనత బయటపడింది. లెస్లీ జాన్సన్, బెర్ట్ హ్యాడ్లీ నడిపిన ఎక్స్‌కే 120 ముందువరుసలో పోటీపడుతోంది. బ్రేకులను కాపాడుకోవడానికి వాళ్లు గేర్లు తగ్గించి, ఇంజన్‌తోనే వేగం అణుస్తూ వచ్చారు. ఆ భారమంతా క్లచ్ మీద పడింది. రేసు చివరి గంటల్లో క్లచ్ పోయింది, కారు ఆగిపోయింది. రికార్డులో కారణం క్లచ్ అని ఉంటుంది గానీ, అసలు దోషం బ్రేకులదే అనాలి.

మొదటి చికిత్స చక్రాల నుంచే వచ్చింది. 1951 నుంచి స్పోకుల చక్రాలు కోరినవాళ్లకు ఇచ్చారు. వాటి హబ్బు నట్టు బయటికి పొడుచుకొస్తుంది కనుక వెనక మూతలు తీసేయక తప్పలేదు. ఆ రకంగా డ్రమ్ములకు గాలి తగిలింది. కొందరు యజమానులు ఆల్ఫిన్ డ్రమ్ములు వేయించుకున్నారు: లోపల ఇనుము, బయట వేడిని త్వరగా వదిలే అల్యూమినియం రెక్కలు. చక్రం, బ్రేకు వేర్వేరు కావన్న జ్ఞానం అప్పటికే పాతది. 1924 లో లియాన్‌లో పోటీకి దిగిన బుగాటి టైప్ 35 కు ఎనిమిది బల్లపరుపు ఆకుల అల్యూమినియం చక్రంలోనే బ్రేకు డ్రమ్ము కలిసి ఉండేది. చక్రం ఊడదీస్తే షూలు కళ్లముందే కనిపించేవి. అరిగాయో లేదో చూడటానికి ఇంకేం విప్పనక్కర్లేదు. అంత తెలివైన చక్రం ఆ తర్వాత చాలాకాలం రాలేదని చెప్పాలి.

అసలు మందు డిస్కు బ్రేకు. ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902 లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు, కానీ దానికి తగిన పదార్థాలు అప్పటికి లేవు. విమానాల కోసం డిస్కులు చేస్తున్న డన్‌లప్ కంపెనీతో జాగ్వార్ చేయి కలిపింది. టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ వాటిని నెలల తరబడి పరీక్షించాడు. డిస్కు వేడెక్కి మందమైతే, దాన్ని రెండు వైపులా నొక్కే ప్యాడ్లకు దగ్గరవుతుంది గానీ దూరం కాదు, పైగా అది గాలిలోనే తిరుగుతుంది. చిక్కులు లేకపోలేదు. బ్రేకు ద్రవం మరిగేది. హబ్బు కాస్త ఊగినా ప్యాడ్లు వెనక్కి జరిగి మొదటి తొక్కుడు వృథా అయ్యేది. అందుకే డ్రైవర్లు మలుపుకు ముందే ఎడమకాలితో పెడల్‌ను ఒకసారి తట్టి సిద్ధం చేసుకునేవారు.

1952 మేలో ఇటలీలోని మిల్లె మిల్యా రేసులో స్టిర్లింగ్ మాస్, డ్యూయిస్ డిస్కులున్న జాగ్వార్ రేసు కారు సి టైప్‌తో దిగారు గానీ గమ్యం చేరలేదు. జూన్‌లో రీమ్స్‌లో మాస్ గెలిచాడు. మరుసటి ఏడాది లె మాన్స్‌లో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ సగటున గంటకు దాదాపు 170 కిలోమీటర్లతో గెలిచారు. ఆ రేసులో సగటు వంద మైళ్లు దాటడం అదే మొదలు. ప్రత్యర్థులు బ్రేకు వేసిన చోట జాగ్వార్లు ఇంకా కొంత దూరం పూర్తి వేగంతో పోయి అప్పుడు తొక్కేవి.

కొనుగోలుదారుడికి నాలుగు చక్రాలకూ డిస్కులు 1957 నాటి ఎక్స్‌కే 150 తో అందాయి. కనుక ఈనాడు ఎక్స్‌కే 120 కు ముందు చక్రాలకు డిస్కులు వేయించుకునే యజమాని, కంపెనీ తొమ్మిదేళ్లలో నడిచిన దారిలోనే నడుస్తున్నాడు. అసలుతనం చెడిందని గొణిగేవాళ్లు ఉన్నారు. ప్రదర్శనలో నిలబెట్టే కారుకు ఆ మాట చెల్లుతుంది. లారీల మధ్య నడిపే కారుకు ఆగడమే ముందు. బోల్టులతో బిగించి, మళ్లీ విప్పగలిగేలా చేస్తే నష్టమేమీ లేదు.

అయితే ఒకటి మారిస్తే అంతటితో ఆగదు. రేడియల్ టైర్ల పట్టు పెరిగితే పాత 54 స్పోకుల చక్రం మీద భారం పెరుగుతుంది, 72 స్పోకులవి వెతకాలి. ప్యాడ్లను బిగించే కాలిపర్ చక్రం రిమ్ము లోపల పట్టాలి. 1961 మినీ కూపర్‌కు 10 అంగుళాల చక్రం మూలంగానే డిస్కు 7 అంగుళాలకు మించలేదు. డిస్కుకు డ్రమ్ములా తనంతట బిగుసుకునే గుణం లేదు కనుక కాలి ఒత్తిడిని పెంచే సర్వో కావాలి. ఆ సర్వో ఒత్తిడి వెనక పాత డ్రమ్ములకూ వెళ్తే, తడి రోడ్డు మీద అవే ముందు బిగుసుకుని కారు వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది. అందుకే తెలిసిన మెకానిక్ ముందు వెనక బ్రేకుల వాటాను మళ్లీ లెక్కగట్టి, ఖాళీ రోడ్డు మీద గట్టిగా తొక్కి చూశాకే తాళం యజమానికి ఇస్తాడు.