రక్తంలో ఇనుప చిట్టెం

1897 ఆగస్టు 20. సికింద్రాబాద్ పక్కనే బేగంపేట. ఉక్కపోతగా ఉన్నా పంకా ఊపనివ్వలేదు, గాలికి కోసిన దోమలు ఎగిరిపోతాయని. నుదుటి నుంచి, చేతుల నుంచి కారిన చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. బల్లమీద ఉన్నది నాలుగు రోజుల కిందట హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమ. కుట్టించుకున్నందుకు ఆయనకు దోమకు అణా చొప్పున ముట్టింది.

దాని పొట్ట గోడలో వైద్యుడు రొనాల్డ్ రాస్‌కు ఒక గుండ్రటి కణం కనబడింది. ఆయన చూపును కట్టిపడేసింది ఆ గుండ్రదనం కాదు, లోపలున్న నల్లటి నలుసులు.

ఆ నలుసులు అప్పటికే వైద్యులకు పాత పరిచయం. 1847లో జర్మనీలో మెకెల్ ఒక శవపరీక్షలో వాటిని చూశాడు. 1880లో అల్జీరియాలో లావెరాన్ ఆ నలుసుల వెంటే పోయి మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నాడు. 1894లో లండన్‌లో మాన్సన్ వాటిని రాస్‌కు చూపించాడు. మామూలు దోమ పొట్ట గోడలో అలాంటి నలుపు ఉండదు. అంటే రోగి నెత్తుట్లోదే ఇక్కడికి చేరిందన్నమాట! మర్నాడు మరో దోమను కోస్తే ఆ కణాలు ఇంకాస్త పెరిగి ఉన్నాయి. డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన వ్యాసం పేరులోనే ఈ నలుసుల ప్రస్తావన ఉంది. మలేరియాను మోసేది దోమేననడానికి దారి చూపింది ఇదే కాబట్టి ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు. పేరంతా దోమకే పోయింది, ఆనవాలు పట్టించిన నలుసును తలచేవాళ్లు తక్కువ.

ఇంతకీ ఏమిటా నలుపు? జుట్టుకు రంగునిచ్చే మెలనిన్ లాంటిదని చాలాకాలం అనుకున్నారు. అది హిమోగ్లోబిన్ నుంచి వచ్చిన పదార్థమని 1911లో బ్రౌన్ చూపించాడు. మలేరియా పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో మకాం వేసి అక్కడి హిమోగ్లోబిన్‌లో సగానికి పైగా తినేస్తుంది. ప్రోటీన్ అరుగుతుంది. ఇనుమును పట్టుకుని ఉండే హీమ్ మాత్రం దానికి విషం. మింగలేక, కక్కలేక, దాన్ని స్ఫటికాలుగా బిగించి ఓ మూల పడేస్తుంది. అదే హీమోజోయిన్. కమ్మరి కొలిమిలో ఇనుము మిగిలి చిట్టెం బయటికి పోతుంది. ఈ కొలిమిలో ఇనుమే చిట్టెం.

రోగి పాలిపోవడానికి హిమోగ్లోబిన్‌ను ఇలా తినేయడం ఒక్కటే కారణం కాదు. పగిలిపోయే కణాలున్నాయి, ప్లీహం ఏరిపారేసే మంచి కణాలున్నాయి, మందగించిన ఎముక మజ్జ ఉంది.

1934లో జర్మనీలో తయారైన క్లోరోక్విన్ ఈ చిట్టెం గడ్డకట్టకుండా అడ్డుపడుతుందని 1990లలో తేలింది. పారబోసుకోలేని చెత్తే ఆ క్రిమిని చంపుతుంది. ఇంకో వింత: అంత హీమ్‌ను పారేసే ఈ జీవి తన అవసరానికి మళ్లీ సొంతంగా హీమ్ తయారుచేసుకుంటుందని 1992లో బెంగళూరు ఐఐఎస్‌సీలో పద్మనాభన్ బృందం చెప్పింది. ఇంటినిండా బియ్యం పెట్టుకుని బజారుకెళ్లడం లాంటిదే!

రాస్ పనిచేసిన బేగంపేట భవనం ఇప్పుడు ఆయన పేరుతో ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఉంది. ఇక ఆ నలుసు ఈనాటికీ ల్యాబుల్లో సాక్ష్యం చెబుతూనే ఉంది. తీవ్రమైన మలేరియాలో ఒక్కోసారి రక్తపు స్లైడ్‌లో పరాన్నజీవి కనబడకపోయినా, దాన్ని మింగిన తెల్లకణాల్లో ముదురు గోధుమరంగు చుక్కలు దొరుకుతాయి.