టక్కుమన్నది డిస్కు కాదు

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఒక కైరోప్రాక్టర్ క్లినిక్. బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నారు మీరు. ముఖం ఆనించుకునే కంతలోంచి నేల తప్ప ఇంకేమీ కనిపించదు. ఎడమ పిరుదులో మొదలైన సలుపు పిక్క మీదుగా బొటనవేలి దాకా కరెంటు షాకు కొట్టినట్టు లాగుతోంది. తుమ్మొస్తుందేమోనని ఒకటే భయం.

బల్ల ఎక్కించే ముందు ఆయన చాలాసేపే పరీక్షించాడు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచనివ్వకుండా కాలు పైకెత్తాడు. సగం లేవకముందే కెవ్వుమన్నారు. బొటనవేళ్లు పైకి లేపమని, తన వేలితో అదిమి చూశాడు. కుడిది నిలబడింది, ఎడమది ఇట్టే లొంగిపోయింది. ఎల్5 నరం అని రాసుకున్నాడు. ఎమ్మారైలోనూ అదే ఉంది: నడుములో నాలుగు, అయిదు పూసల మధ్య డిస్కు. దాని చుట్టూ ఉండే గట్టి పీచు పొర చిరిగి, లోపలి మెత్తటి గుజ్జు వెనక్కి ఉబికింది. నరాన్ని నొక్కడమే కాదు, వాచేలా కూడా చేస్తోంది.

బల్ల కింది సగం మెల్లగా వంగుతోంది. ఆయన అరచెయ్యి మీ నడుము మీద ఆనింది. వంగుతుంది, లేస్తుంది, మళ్లీ వంగుతుంది. ఫ్లెక్షన్ డిస్ట్రాక్షన్ అంటారు దీన్ని. పూసల మధ్య ఎడం పెరిగితే నరానికి ఊపిరాడుతుందని ఆశ. యూట్యూబ్‌లో చూసి బెదిరిపోయిన మెలితిప్పుడు ఇది కాదు. అది పక్క గదిలో జరుగుతున్నట్టుంది, టక్కుమని వినిపించింది. ఎముక దారికొచ్చిన చప్పుడేం కాదది, కీలు ద్రవంలో వాయువు చేసే శబ్దం. 1895లో అయోవాలోని డావెన్‌పోర్ట్‌లో ఈ వైద్యం మొదలుపెట్టిన డి.డి. పామర్ దాదాపు అన్ని జబ్బులకూ పూసలే మూలమన్నాడు. ఇప్పటికీ అదే పాట పాడే క్లినిక్ అయితే లేచి వచ్చేయడం మేలు.

ఈయన ఆ బాపతు కాదు. ఉబికిన గుజ్జును ఈ బల్ల తిరిగి లోపలికి నెట్టదని ముందే చెప్పేశాడు. నొప్పి కాస్త తగ్గొచ్చు, అంతే. చాలామందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే నెమ్మదిస్తుంది. ఉబికిన గుజ్జును చాలాసార్లు ఒళ్లే కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. అందాకా మంచానికి అతుక్కుపోకుండా, ఓపికున్నంత నడవమన్నాడు.

మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం లేవక వేలాడుతున్నా కైరోప్రాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. ఆ పూటే ఎమర్జెన్సీకి వెళ్లండి.