పేలుడు పదార్థాలతో భవనాల నియంత్రిత కూల్చివేత – ఇంజనీరింగ్ పరిశోధన

ఎత్తైన కట్టడాలను పేలుడు పదార్థాలతో కూల్చే విధానంలో భవనాన్ని నేలమట్టం చేసేది ప్రధానంగా దాని స్వంత బరువే. ఎంపిక చేసిన స్తంభాలకు రంధ్రాలు చేసి, వాటిలో పేలుడు పదార్థాన్ని అమర్చి, స్వల్ప వ్యవధి తేడాలతో వరుసగా పేలుస్తారు. ఆధారం కోల్పోయిన భవనం నిర్దేశిత దిశలో కూలుతుంది.

పేలుడుతోపాటు శిథిలాలు నేలను తాకినప్పుడు జనించే ప్రకంపనలు సమీప గృహాలకు ముప్పు కలిగించవచ్చును. ఆ తీవ్రతను ముందుగా అంచనా వేయడం, తగ్గించడం పరిశోధనలో ముఖ్యాంశాలు.

సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు కేరళలోని మరడులో 2020 జనవరి 11, 12 తేదీలలో నాలుగు నివాస సముదాయాలను ఈ విధంగా కూల్చివేశారు. మద్రాసు ఐ.ఐ.టి. నిపుణులు భూప్రకంపనలను నమోదు చేశారు.

నోయిడాలో 2022 ఆగస్టు 28న సుమారు 3,700 కిలోల పేలుడు పదార్థాలతో జంట భవనాలను కూల్చివేశారు. సమీప నివాస భవనం 9 మీటర్ల దూరంలోనే ఉన్నది. రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధనా సంస్థ సాంకేతిక సలహాలు అందించింది. చెల్లాచెదురు కాకుండా స్తంభాలకు తీగవల, ప్రత్యేక వస్త్రం చుట్టారు. నివాసులను ముందుగా ఖాళీ చేయించారు. పొరుగు సముదాయపు ప్రహరీ కొంతభాగం దెబ్బతిన్నది, ప్రాణనష్టం వాటిల్లలేదు. సుమారు 80,000 టన్నుల శిథిలాల తొలగింపునకు మాత్రం నెలల కాలం అవసరమైనది.